ఐదో పలక

జనవరి 11

చంటికి,

మీ వదిన రాస్తున్నాను. చేతిరాత చూసి ఇదెవరబ్బా అనుకోకు. నాలుగేళ్లుగా ఫోటో ఫ్రేముల వెనక కొలతలు వేయడమే తప్ప వేరే రాత లేదు నాకు, అక్షరాలన్నీ అంకెల్లా తయారయ్యాయి. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే "ఆ వదినా, సరే వదినా, ఉంటాను వదినా" అని మూడు ముక్కలు చెప్పి పెట్టేస్తావు. ఉత్తరమైతే కనీసం ఆఖరిదాకా చదువుతావని రాస్తున్నాను.

ఇక్కడ బాగానే ఉన్నాం. దుకాణం పైగదిలోనే కాపురం. మెట్లు మరీ నిటారు, గ్యాసు బండ తెచ్చేవాడు ప్రతిసారీ నన్ను తిట్టుకుంటూ ఎక్కుతాడు, అదీ నాకు వినపడేలా. పని అలవాటైపోయింది. అద్దం కోయడం, చెక్క మూలలు కలపడం, చిన్న మేకులు కొట్టడం. పోయినవాళ్ల ఫోటోలే ఎక్కువ వస్తాయి. బతికున్నవాళ్లకు ఫ్రేము కట్టించే తీరిక ఎవరికుంటుంది చెప్పు. మా యజమాని మంచివాడే, ఫ్యాను మాత్రం తన వైపే తిప్పుకుంటాడు.

అసలు సంగతికి వస్తాను. పిట్టకు ఉద్యోగం ఖాయమైంది. రెండేళ్లు ఉల్లిపాయలు తరిగి తరిగి కళ్లు వాచిపోయిన పిల్లకు పెద్ద హోటల్ వంటశాలలో స్థానం దొరికింది. ఏప్రిల్ పదిహేనున చేరాలి. అక్కడ ఎవరి కత్తి వాళ్లే తెచ్చుకుంటారట, ఒకరి కత్తి ఇంకొకరు ముట్టుకోరట. ఇది చెప్పి, "అమ్మా, నాకు నాన్న చేసిన కత్తి కావాలి" అంది. ఇల్లంతా వెతికాను. కత్తులు చేసి బతికిన ఇంట్లో కూరగాయలు తరగడానికి బజారులో కొన్న కత్తి ఉంది చంటీ. ఆయన చేసినవన్నీ ఎవరెవరి ఇళ్లలోనో ఉన్నాయి.

అప్పుడు ఆ ఎనిమిదీ గుర్తొచ్చాయి. మీ అన్నయ్య ఆఖరిగా పట్టుకున్న పలకలు. పిడి లేదు, పదును లేదు, ఒకే అచ్చు పెట్టి కోసిన ఉక్కు ముక్కలు. అన్నీ ఒక్కలా రావాలని ఎనిమిదింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి, పిడి కోసం వేసిన బెజ్జాల్లో పిన్నులు దిగ్గొట్టి, ఒకే కట్టగా తిరిగే సానరాయి మీద అరగదీస్తుండగానే కదా ఆ రాయి పగిలి ఆయన్ను తీసుకుపోయింది. ఆ కట్ట ఏమైందో నేను అడగలేదు, నువ్వూ చెప్పలేదు. పారేసి ఉండవు, నాకు తెలుసు.

మిగిలిన పని నువ్వు పూర్తిచెయ్యి. కొలిమిలో కాల్చి నూనెలో ముంచి పంపు. పిడి నేనే వేస్తాను. ఎప్పుడూ అలాగే కదా మనం చేసింది: నువ్వు బెజ్జాలు వేసి రాయి పట్టేవాడివి, ఆయన కాల్చి పదును పెట్టేవారు, నేను పిడి వేసేదాన్ని. ఒక్కటి పిట్టకు చాలు. మిగిలినవి నా దగ్గరుంచుకుంటాను.

మా చెల్లిని, అదే మా తోడికోడల్ని, అడిగానని చెప్పు. వెంటనే రాయి.

మీ వదిన

*

జనవరి 29

వదినకు చంటి నమస్కారాలు.

ఆలస్యమైంది, తిట్టుకోకు. లిఫ్టుల కంపెనీలో పండగా పబ్బమూ లేవు. ఇరుక్కున్నవాళ్లు దేవుణ్ణీ నన్నూ ఒకే గొంతుతో పిలుస్తారు, బయటపడ్డాక ఇద్దర్నీ మర్చిపోతారు. మొన్న ఒక పెద్దాయన లోపల నలభై నిమిషాలుండి, తలుపు తీయగానే నన్ను చూసి ఇంత సన్నగా ఉన్నావేం బాబూ అన్నాడు.

పిట్ట సంగతి విని మీ తోడికోడలు ఎగిరి గంతేసింది. నాకూ సంతోషమే. చిన్నప్పుడు నా భుజమెక్కి అటక మీద బెల్లం దొంగిలించిన పిల్ల, పెద్ద హోటల్లో వండుతుందంటే నమ్మబుద్ధి కావడం లేదు.

కత్తుల గురించి. మనం పని చేసిన ఆ వెనక గది తాళం తీసి నాలుగేళ్లయింది వదినా. కిటికీకి చెక్క కొట్టేశాను. ఆ కట్ట ఎక్కడో ఉంది, పారేయలేదు. కానీ ఈపాటికి తుప్పు తినేసి ఉంటుంది. తుప్పు పట్టిన ఉక్కుతో చేసిన కత్తి ఏ క్షణాన విరుగుతుందో చెప్పలేం. పిట్ట చేతిలో అలాంటిది పెడతామా? ఇక్కడ మంచి దుకాణం ఉంది, వంటవాళ్లంతా అక్కడే కొంటారు. వాటిలో మేలైనది చూసి పంపిస్తాను, దాని మీద పిట్ట పేరు చెక్కిస్తాను. అన్నయ్య పేరు కూడా కావాలంటే చెక్కిస్తాను.

ఆ గది అలాగే ఉండనీ.

నీ మోకాలి నొప్పికి నూనె పంపుతున్నాను. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకో.

చంటి

*

ఫిబ్రవరి 6

చంటికి,

నూనె అందింది. వాసన చూసి పిట్ట ముక్కు మూసుకుని పరిగెత్తింది. మోకాలికి బాగానే ఉంది.

కొన్న కత్తి కావాలంటే నీకెందుకు రాస్తాను? ఇక్కడ దుకాణాలు లేవా? దాని మీద ఆయన పేరు చెక్కిస్తావా? పేరు చెక్కినంత మాత్రాన అది ఆయన చేసినట్టా? రోజూ పోయినవాళ్ల పేర్లు అద్దం వెనక అంటించేదాన్ని, పేరుకీ మనిషికీ ఎంత దూరమో నాకు తెలుసు. తుప్పంటావా. ఉక్కుకు తుప్పు పడితే గీకొచ్చని నాకు నేర్పింది మీ అన్నయ్యే.

తుప్పు కాదు నీ ఇబ్బంది. నువ్వు నాకు మొహం చాటేసి నాలుగేళ్లయింది. పదకొండేళ్లవాడివి మా ఇంటికి వచ్చావు. నీకు జడ తప్ప అన్నీ నేనే వేశాను. అలాంటివాడివి, మేము ఆ ఇల్లు వదిలి వచ్చేరోజు సామాను ఎక్కించి, తల వంచుకునే నిలబడ్డావు. వెళ్లొస్తాను చంటీ అంటే "ఆ" అన్నావు. ఎందుకో నాకు తెలియదనుకున్నావా?

ఆ పొద్దున నేనూ ఆయనా మాటామాటా అనుకున్నాం. పక్కగదిలో నువ్వు పడుకుని ఉన్నావు, విన్నావు. రోజూ రాయి ముందు కూర్చునేది నువ్వు. ఆ రోజు, "ఇవాళ మీరే కూర్చోండి" అని ఆయనతో నేనన్నాను. కోపంగా అన్నాను. ఎందుకన్నానో అడగకు, చెప్పను. ఆయన నా మాట పట్టుకుని కూర్చున్నారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

నన్ను క్షమించమని అడగడం లేదు. నా మీద కోపం పిట్ట మీద తీర్చుకోకు. దాని నాన్న పని దానికి పంపు.

మీ వదిన

*

ఫిబ్రవరి 20

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. నిన్న ఒక లిఫ్టు మోటారు విప్పుతుంటే జారి గ్రీజులో పడింది. అయినా అక్షరాలు చెరగలేదు.

నీ మీద నాకు కోపమేమిటి? అంత మాట ఎలా రాశావు? ఆ పొద్దున గోడకు ఇవతల నాకు నా పేరు వినపడిన మాట నిజం. ఆ తర్వాత ముసుగు తన్ని పడుకున్నాను, ఇంకేమీ వినలేదు. జరగకూడనిది జరిగింది. ఎవరి వల్ల జరిగిందో వాళ్లకు తెలుసు. దాని గురించి ఇక రాయొద్దు వదినా, నీకు దణ్ణం పెడతాను.

మొన్న ఆదివారం వెనక గది తాళం తీశాను. తలుపు కింద చెక్క ఉబ్బిపోయి సగమే తెరుచుకుంది, పక్కకి తిరిగి దూరాను. గోడ మీద క్యాలెండరు ఆ నెల దగ్గరే ఉంది. బల్ల మీద అన్నయ్య కళ్లజోడు, ఒక చెవి దగ్గర దారం చుట్టినది. ఇక్కడే ఉండిపోయిందని తెలియక అప్పట్లో మనం ఇల్లంతా వెతికాం. రాయి ఉన్నచోట ఖాళీ ఇనుప ఇరుసు. దుమ్ము మీద నా అడుగులే పడ్డాయి, అయినా నడుస్తుంటే ఎవరికో అడ్డం వస్తున్నట్టు పక్కకి తప్పుకుంటూనే ఉన్నాను.

కట్ట బల్ల కింద పెట్టెలో ఉంది, గోనెపట్టాలో చుట్టి. ఆ రోజు నేలమీద నుంచి తీసి నేనే చుట్టాను. ఇప్పటిదాకా విప్పలేదు. మొన్న కూడా చెయ్యి వేసి తీసేశాను.

సరే. పిట్ట చేరే లోపు పంపుతాను. మాట ఇస్తున్నాను.

చంటి

*

ఫిబ్రవరి 27

చంటీ,

కార్డు మీదే రాస్తున్నాను, ఎక్కువ రాసేది లేదు. ఎవరి వల్లో వాళ్లకు తెలుసన్నావు. నాకు తెలుసు. ఇక ఆ ఊసెత్తను. కత్తులు పంపు.

వదిన

*

మార్చి 18

వదినకు,

ఈ ఉత్తరంతో పాటే పార్సిలు వస్తుంది. ఎనిమిదీ అందులో ఉన్నాయి. ఒక్కో దానికి నూనె కాగితం చుట్టాను, విప్పేటప్పుడు చెయ్యి జాగ్రత్త, అన్నీ పదునెక్కాయి.

పని మొత్తం చెప్తాను, నీకు తెలిసిన పనే అయినా. రాయి జోలికి పోలేదు, ఇసుక పట్టీ తిరిగే బెల్టు మిషను ఒకటి సెకండ్‌హ్యాండులో తెచ్చుకున్నాను. కట్ట విప్పి తుప్పంతా గీకాను, అందుకే కొత్త ఉక్కులా కనిపిస్తాయి. మళ్లీ ఎనిమిదీ పేర్చి రెండు పిన్నులు దిగ్గొట్టి, మొన దగ్గర క్లాంపు బిగించి, అన్నయ్య చెప్పినట్టే ముందు వీపు, తర్వాత పొట్ట, ఆఖరున మొన అరగదీశాను. వేడెక్కితే ఉక్కు పాడవుతుంది కాబట్టి పది అంకెలు లెక్కపెట్టడం, బకెట్లో ముంచడం. పిన్నులు పీకాక ఎనిమిదింటినీ కళ్లు మూసుకుని తడిమాను, ఏది ఏదో తెలియలేదు. ఆ తర్వాతే కాల్చి, నూనెలో ముంచి, పదును పెట్టాను. బెజ్జాలు కూడా చూసుకో, పదహారూ ఒకే సైజు, నీకు రివెట్లు ఇట్టే దిగుతాయి.

ఇంకో సంగతి రాయాలా వద్దా అనుకున్నాను. కట్ట ఈ కొస నేను పట్టుకుంటే ఆ కొస బరువు తెలిసేది కాదు. ఎనిమిది పలకల కట్ట ఎంత బరువో నీకు తెలుసు, చివర వేలాడిపోవాలి. వేలాడలేదు, ఎవరో చెయ్యి ఆన్చినట్టు నిలిచింది. నీళ్లలో ముంచితే చుయ్‌మని ఆగిపోతుంది కదా, ఆగిపోయాక నా వెనక ఇంకోసారి వినపడేది. మీ తోడికోడలు రోజూ గుమ్మం దగ్గరే నిలబడి టీ ఇచ్చి వెళ్తుంది, లోపలికి అడుగు పెట్టదు. ఒకరోజు రెండు గ్లాసులు తెచ్చింది. రెండోది ఎవరికంటే తెల్లమొహం వేసింది. వంటింట్లో ఉండగా లోపల ఇద్దరు పని చేస్తున్నట్టు అనిపించిందట. ఆ రెండో గ్లాసు బల్ల మీదే పెట్టాను. పారబోయడానికి చేతులు రాలేదు.

అయిపోయింది. గదికి మళ్లీ తాళం వేశాను. పిట్టను ఆశీర్వదించానని చెప్పు. కూరలు తరిగేటప్పుడు వేళ్లు లోపలికి మడుచుకోమను.

చంటి

*

మార్చి 26

చంటికి,

పార్సిలు అందింది. పిట్ట ఒకటి తీసి వేలి మీద నిలబెట్టి తూకం చూసింది, చాలా బాగుందమ్మా అంది. బాగుంది. నీ చెయ్యి ఇంత పనితనానికి వచ్చిందని మీ అన్నయ్య చూసుంటే ఊరంతా చెప్పుకునేవారు.

కానీ ఇవి ఆయనవి కావు.

పిట్ట పనికి వెళ్లాక ఎనిమిదింటినీ ఫ్రేముల బల్ల మీద పరిచి, ఒక్కొక్క బెజ్జంలో చిటికెన వేలు పెట్టి చూశాను. పదహారూ గుండ్రంగా ఉన్నాయి. అయినా బెజ్జాల సంగతి నిన్ను నేనడిగానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నువ్వే ఎత్తావు. నువ్వు ఆ మాట రాయకపోయినా నాకు తెలిసేది. ఎందుకంటే ఆయన కట్టలో ఐదో పలక వెనక బెజ్జం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది.

ఆ ముందురోజు సాయంత్రం నువ్వు బెజ్జాలు వేసి, సినిమాకు టైమవుతోందని సైకిలెక్కావు. డ్రిల్లు పొట్టు దులిపి కిరసనాయిలు గుడ్డతో తుడిచేది నేనే కదా. ఐదోది తుడుస్తుంటే వేలికి తేడా తగిలింది. దీపం కింద పెట్టి చూస్తే గుండ్రటి ఆకురాయితో రాకిన గీతలు. బెజ్జం పక్కకు పోయింది, పిన్ను దిగడానికి దాన్ని రాకి పెద్దది చేశావు, ఎవరూ చూడకుండా మధ్యలో దూర్చావు. ఇంకో ముక్క కోస్తే అరగంట పట్టేది.

పొద్దున లేవగానే ఆయనకు చెప్పాను. కట్టలో ఒక్క పలక వదులుగా ఉన్నా రాయికి పట్టేస్తుంది, ప్రమాదమని మనకు వెయ్యిసార్లు చెప్పింది ఆయనే కదా. అది పారేసి ఇంకోటి కోయించండి, వాణ్ణి నిద్రలేపి నాలుగు చివాట్లు పెట్టండి అన్నాను. నువ్వు విన్న నీ పేరు అదే. ఆయన నవ్వారు. "వాడికి చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు. నేను చూసుకుంటాను" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "తమ్ముడంటే అంత ముద్దయితే ఇవాళ రాయి ముందు మీరే కూర్చోండి" అన్నాను. కూర్చున్నారు. నిన్ను నీళ్లకు పంపారు.

"వాడికి చెప్పకు" అన్నది నాకు ఆయన అప్పజెప్పిన ఆఖరి పని. నాలుగేళ్లు దాన్ని కడుపులో పెట్టుకున్నాను. ఎవరి వల్లో వాళ్లకు తెలుసని నువ్వు రాస్తే, నా మాట వల్లేనని నువ్వూ అనుకుంటున్నావని మూడు రోజులు అన్నం సయించలేదు. నువ్వు నీ గురించే రాసుకున్నావని ఈ ఎనిమిదీ చూశాకే అర్థమైంది.

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. ఉంది చంటీ. అరగంట పనికి బద్ధకించావు. కానీ నేను నోరు మూసుకుని ఉంటే ఆ రోజు అక్కడ నువ్వు కూర్చునేవాడివి. అది తలుచుకుంటే నా కోపం ఎటూ పోలేక ఆగిపోతుంది. నీకు బదులు ఆయన అని నేను ఏనాడైనా అనుకున్నానా అని నన్ను నేను అడుగుతాను. ఒకటి రెండుసార్లు అనుకున్నాను. అదీ రాసేస్తున్నాను.

నాకు ఐదో పలక కావాలి. ఆ బెజ్జంతోనే కావాలి. గోనె విప్పి పంపు.

వదిన

*

ఏప్రిల్ 3

వదినా,

నువ్వు నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. నీ ఉత్తరం చదివి రెండు రోజులు పనికి పోలేదు. జ్వరమని చెప్పాను. చూస్తే నిజంగానే వచ్చింది.

అంతా నువ్వు రాసినట్టే. సినిమా పేరు కూడా గుర్తు లేదు. మర్నాడు లేచి, అన్నయ్య చూడకముందే ఆ పలక తీసేద్దామని వెనక గదికి వెళ్లాను. అప్పటికే ఆయన కట్ట పేర్చి పిన్నులు దిగ్గొట్టేశాడు. ఐదోదాన్ని ఆయన గమనించలేదు, గండం గడిచిందని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను వదినా. నేను కూర్చోబోతే వద్దు, నువ్వు బకెట్ నింపుకురా అన్నాడు. ఎప్పుడూ అలా అనడు. అయినా అడగలేదు. కుళాయి కింద బకెట్ సగం నిండింది. రాయి పగిలిన చప్పుడు విన్నాక నేను కుళాయి కట్టేసి, బకెట్ పక్కకి జరిపి, అప్పుడు పరిగెత్తాను. కుళాయి ఎందుకు కట్టేశానో ఇప్పటికీ తెలియదు.

ఐదోది కదిలి రాయికి పట్టేసిందని, నేనే చంపానని ఆ క్షణమే నిర్ణయించుకున్నాను. కట్ట నేల మీద పడి ఉంది, దాని వంక చూడకుండానే గోనెలో చుట్టాను. నువ్వు పలకలు అడిగినప్పుడు నాకు ప్రాణం పోయినంత పనైంది. పిడి వేసేది నువ్వు, బెజ్జాలు చూసేది నువ్వు. నీ కార్డు వచ్చింది, "నాకు తెలుసు" అని. నీకు అనుమానం వచ్చింది, ఆ బెజ్జం చూస్తే దొరికిపోతాననుకుని కొత్త ఉక్కు తెచ్చి కొత్త ఎనిమిదీ చేశాను. గోనె విప్పానని రాసింది అబద్ధం. మిగిలిందంతా, ఆ రెండో కొస సంగతి, గ్లాసు సంగతి నిజం.

నిన్న గోనె విప్పాను.

పగటిపూట, తలుపు బార్లా తీసి, మీ తోడికోడలిని పక్కన నిలబెట్టుకుని విప్పాను. ఈసారి ఆవిడ లోపలికి వచ్చింది. కట్ట అంచు మీద గోరు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు లాగాను. ఎక్కడా మెట్టు తగల్లేదు. ఎనిమిదీ ఒకే అంచుగా ఉన్నాయి, ఒక్కటీ వెంట్రుకవాసి కదల్లేదు. నాకు అర్థం కాలేదు. ముందు పిన్ను సుత్తితో కొడితే వచ్చేసింది. వెనక పిన్ను రాలేదు. నూనె పోసి, రెండు గంటలు నానబెట్టి, కింద చెక్క పెట్టి కొట్టి కొట్టి తీశాను. ఐదో పలక దగ్గర పిన్నుకు రేకు చుట్టి ఉంది వదినా. టీ పొడి డబ్బా రేకు, దాని మీద ఆకుపచ్చ రంగు ఇంకా ఉంది. సన్నగా కత్తిరించి, మూడు చుట్లు చుట్టి, బెజ్జం నిండేలా దిగ్గొట్టాడు అన్నయ్య. మిగిలిన ఏడింటికన్నా ఆ పలకే గట్టిగా ఉంది.

నీతో అన్నట్టే చూసుకున్నాడు.

రాయి ముక్కలు కూడా పెట్టెలో ఉన్నాయి, మూడు. విరిగిన అంచులు దాదాపు అన్నీ తెల్లగా ఉన్నాయి. రెండు ముక్కలు కలిసే ఒక్క అంచు మాత్రం రెండింటిలోనూ సగం దాకా నల్లగా ఉంది, నూనె మురికి ఇంకి. అంటే ఆ పగులు ముందు నుంచే ఉంది, నెలల తరబడి. మా నాన్న కొన్న రాయి అది. ఆ రోజు కాకపోతే మర్నాడు, నీ మాట లేకపోతే నా వంతున, ఎప్పుడో ఒకప్పుడు పగిలేదే. నా బెజ్జం కాదు, నీ మాట కాదు. ఈ ముక్క రాయడానికి నాలుగేళ్లు పట్టింది, రెండు పిన్నులు పీకితే అయిపోయే పని.

ఐదో పలకను కాల్చి, నూనెలో ముంచి, పదును పెట్టాను. బెజ్జాన్ని ముట్టుకోలేదు. ఆ రేకు కూడా కాగితంలో మడిచి అదే పార్సిల్లో పెట్టాను. మనిద్దరి తప్పూ కాదు వదినా. ఇక నుంచైనా కంటినిండా నిద్రపో. సెలవు దొరికితే వచ్చి నీ కాళ్ల దగ్గర కూర్చుంటాను.

నీ చంటి

*

ఏప్రిల్ 14

చంటికి,

పిడి వేశాను. వెనక బెజ్జానికి మామూలు రివెట్టు నిలవలేదు, లావుపాటిది దొరకలేదు. ఆయన చేసినట్టే రేకు చుట్టి దిగ్గొట్టాను. మా దుకాణంలో ఫ్రేముల మూలలకు వాడే రేకు. ఆయనది అలాగే దాచాను. చెక్క పాలిష్ పెడుతుంటే పిట్ట పక్కనే కూర్చుని, ఈ బెజ్జం ఎందుకిలా ఉంది అని అడిగింది. మీ బాబాయి సినిమా పిచ్చి అన్నాను. నవ్వింది. మిగతాది ఎప్పుడైనా నువ్వే చెప్పుకో. రేపు పొద్దున చేరుతుంది. కత్తిని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది, పదిసార్లు తీసి చూసుకుంది.

నీ ఉత్తరం చదివాక ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. గుండెల మీది బండ దిగినట్టే ఉంది, అది నిజం. నువ్వు రా, తప్పకుండా రా. నీ మీద ఉన్న కోపం వెతికాను, కనపడలేదు.

కానీ ఒక సంగతి రాయాలి. ఇది పిట్టకు కూడా తెలియదు. ఈ నాలుగేళ్లూ రోజూ పొద్దున్నే, అది లేవకముందే, నేను స్టవ్ దగ్గర నిలబడి మీ అన్నయ్యతో ఆ పోట్లాట మళ్లీ మొదలుపెడతాను. "మీరే కూర్చోండి" అనను. ఈసారి ఇంకోలా అంటాను. ఒకరోజు బతిమాలుతాను. ఒకరోజు ఆ పలక లాక్కుని కొంగులో దాచేస్తాను. ఒకరోజు నిన్ను లేపి ఇద్దర్నీ ఎదురుబొదురుగా నిలబెడతాను. ఆయన జవాబు చెప్తారు చంటీ. తువ్వాలు భుజం మీద వేసుకుని, గుమ్మానికి ఆనుకుని, వాడికి చెప్పకు అంటారు. నేను గట్టిగా అంటే ఇంకా నవ్వుతారు. పాలు కాగేదాకా ఉంటారు. నాకు పిచ్చేమో అని మొదట్లో భయపడ్డాను, తర్వాత అలవాటైంది. ఆ మాత్రం కాసేపటి కోసమే పొద్దున్నే లేచేదాన్ని.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు కూడా లేచాను. పాలు పెట్టాను. మొదలుపెడదామంటే ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. చూసుకుంటానన్నారు, చూసుకున్నారు. ఇంక నేను అనాల్సింది ఏముంది? ఏదో ఒకటి అందామని, పంచదార అయిపోయింది, అన్నాను. గుమ్మం వంక చూశాను. పాలు పొంగి మంట ఆరిపోయింది.

అది ఆరు రోజుల కిందటి మాట. రోజూ అదే వేళకు లేస్తున్నాను. ఆయన రావడం లేదు.

మీ వదిన